ఫోటోలతో నేలకోత కొలవడం: క్షేత్రం నుంచి అంచనా మోడల్ దాకా

హెక్టారు నేల మీద ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి కొట్టుకుపోతే అది 10 ఘనమీటర్లు. ఘనమీటరు మట్టి 1.3 టన్నులు తూగుతుందనుకుంటే 13 టన్నులు. కంటికి ఆనని మార్పు అది. అయినా, ఏడాదికి హెక్టారుకు సుమారు 11 టన్నులకు మించి మట్టి పోకూడదని అమెరికా నేల పరిరక్షణ ప్రణాళికల్లో చాలాకాలంగా పాటిస్తున్న గరిష్ఠ పరిమితిని ఆ ఒక్క మిల్లీమీటరే దాటేస్తుంది.

ఫోటోల సర్వేతో, అంటే ఫోటోలను కలిపి నేల ఎత్తుల పటం తయారుచేసి, నేలకోతను కొలవాలనుకునేవారు ముందుగా ఈ లెక్కను మనసులో నిలుపుకోవాలి. మామూలు డ్రోన్ సర్వేలో ఎత్తుల దోషమే రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే మనం కొలవాలనుకున్న దానికంటే కొలిచే పనిముట్టు దోషం ఇరవై ముప్పై రెట్లు పెద్దది కావచ్చు. ఈ సంగతి పట్టించుకోకుండా రంగురంగుల పటాలు తయారుచేసి, వాటిలోంచి టన్నుల లెక్క తీసి, ఆ అంకెతో కోతను అంచనా వేసే మోడల్‌ను సరిదిద్దితే మోడల్ మెరుగుపడదు. పనిముట్టు దోషాన్ని నేల స్వభావంగా అది నేర్చుకుంటుంది.

అలాగని ఫోటోలను పక్కన పెట్టనవసరం లేదు. వాలు చివర తొట్టి పెట్టి, కొట్టుకొచ్చిన మట్టిని తూకం వేస్తే ఒకే ఒక అంకె వస్తుంది. ఆ మట్టి ఎక్కడి నుంచి లేచింది, దారిలో ఎంత నిలిచిపోయింది, ఏ వాలులో నీరు దారి చేసుకుంది అన్నవి తొట్టి చెప్పలేదు. అంచనా మోడళ్లు ఎక్కువగా తడబడేది సరిగ్గా అక్కడే. మొత్తం సరిపోయినా చోటు తప్పుతుంది. ఆ చోటును చూపించే శక్తి ఫోటోలకు ఉంది. ఈ మార్గదర్శి అంతా ఆ శక్తిని దాని హద్దులు తెలుసుకుని వాడుకోవడం గురించే.

ఏ రకం కోతను కొలుస్తున్నారు?

చినుకుల దెబ్బకు, పలచగా పారే నీటికి నేలంతా ఒకే తీరున అరిగిపోవడం పొరకోత. నీరు ఒకచోట చేరి వేలెడు, జానెడు లోతు దారులు చేసుకుంటే అది పిల్లకాలువల కోత. మళ్లీ దున్నితే ఇవి పూడిపోతాయి. దున్నినా పూడనంత లోతుకు దిగినవి గండ్లు.

గండ్లకు డ్రోన్ ఫోటోలు చక్కగా సరిపోతాయి, ఎందుకంటే మార్పు పదుల సెంటీమీటర్లలో, ఒక్కోసారి మీటర్లలో ఉంటుంది. పిల్లకాలువలకు డ్రోన్‌ను తక్కువ ఎత్తులో ఎగరేయాలి, లేదా పొడవాటి కర్రకు కెమెరా కట్టి నడవాలి. పొరకోతను మాత్రం కొద్ది చదరపు మీటర్ల చిన్న మడిలో, నేలకు దగ్గరగా తీసిన ఫోటోలతో తప్ప నమ్మకంగా కొలవలేం. విశాలమైన వాలు మీద పొరకోతను డ్రోన్‌తో కొలిచామని ఎవరైనా చెబితే, వారి దోష లెక్క అడిగి చూశాకే నమ్మాలి.

మీరు మెరుగుపరచాలనుకునే మోడల్ ఏ కోతను లెక్కిస్తుందో కూడా ఇప్పుడే చూసుకోండి. వాల్టర్ విష్‌మైయర్, డ్వైట్ స్మిత్ రూపొందించిన సార్వత్రిక నేల నష్ట సమీకరణం ప్రపంచమంతా వాడుకలో ఉంది. 1978లో వెలువడిన దాని కరదీపిక ఇప్పటికీ ఆధార గ్రంథమే. 22.13 మీటర్ల పొడవు, 9 శాతం వాలు ఉన్న ప్రామాణిక మడిని కొలబద్దగా పెట్టుకున్న ఆ సమీకరణం పొరకోతను, పిల్లకాలువల కోతను కలిపి అనేక ఏళ్ల సగటును చెబుతుంది. గండ్లను లెక్కించదు. దిగువన మట్టి మేట వేయడాన్నీ లెక్కించదు. ఒక్క తుఫానుకు తెగిన గండిని ఫోటోలతో కొలిచి ఈ సమీకరణంతో పోల్చితే ఆ పోలికకు అర్థమే లేదు. ఒక్కో వానకు విడిగా అంచనా కావాలంటే, వాన తీవ్రత స్థానంలో పారిన నీటి పరిమాణాన్నీ గరిష్ఠ ప్రవాహాన్నీ తీసుకునే సవరించిన సమీకరణం ఉంది. మట్టి రేణువులు ఊడటాన్ని, కొట్టుకుపోవడాన్ని, నిలవడాన్ని విడివిడిగా లెక్కించే వెప్ (WEPP) లాంటి ప్రక్రియా మోడళ్లూ ఉన్నాయి.

కనిపించగల కనిష్ఠ మార్పు ఎంత?

క్షేత్రానికి వెళ్లకముందే కాగితం మీద చేయాల్సిన లెక్క ఇది. సెన్సర్‌లో పిక్సెల్ పరిమాణాన్ని నేలకు ఉన్న దూరంతో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ నేల మీద ఎంత మేర కప్పుతుందో తెలుస్తుంది. పిక్సెల్ 2.4 మైక్రోమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 8.8 మిల్లీమీటర్లు ఉన్న కెమెరా 30 మీటర్ల ఎత్తులో ఎగిరితే ఒక పిక్సెల్ సుమారు 8 మిల్లీమీటర్లు. అదే కెమెరాను నేలకు 2 మీటర్ల దూరంలో పట్టుకుంటే దాదాపు అర మిల్లీమీటరు.

ఎత్తుల దోషం పిక్సెల్ కంటే పెద్దదే ఉంటుంది. జాగ్రత్తగా చేసిన సర్వేలో కెమెరా దూరంలో వెయ్యో వంతు దోషం ఉంటుందని మొదట అనుకోవచ్చు. 30 మీటర్ల నుంచి తీస్తే 3 సెంటీమీటర్లు, 2 మీటర్ల నుంచి తీస్తే 2 మిల్లీమీటర్లు. ఇది ముందస్తు అంచనా మాత్రమే. అసలు దోషాన్ని తర్వాత తనిఖీ బిందువుల దగ్గర (వీటి సంగతి కింద వస్తుంది) కొలవాలి.

మార్పు తెలియాలంటే రెండు సర్వేలు కావాలి, రెండింటిలోనూ దోషం ఉంటుంది. ఒక్కో సర్వే దోషం వర్గాలను కూడి, వర్గమూలం తీసి, 1.96తో గుణిస్తే 95 శాతం నమ్మకంతో గుర్తించగల కనిష్ఠ మార్పు వస్తుంది. దీన్ని గుర్తింపు హద్దు అందాం. ఒక్కో సర్వే ప్రామాణిక దోషం 1.5 సెంటీమీటర్లయితే గుర్తింపు హద్దు 4.2 సెంటీమీటర్లు. 15 సెంటీమీటర్ల లోతు పిల్లకాలువ ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. 5 మిల్లీమీటర్ల పొరకోత అసలు కనిపించదు, కానీ హెక్టారుకు అది 65 టన్నులు! ఈ లెక్కలో మీ ప్రశ్నకు తగిన హద్దు రాకపోతే ఎత్తు తగ్గించండి, లేదా ప్రశ్న మార్చుకోండి. ఆశతో సర్వే మొదలుపెట్టకండి.

ఇంకో తేడా ఇక్కడే గ్రహించాలి. పటంలోని ఒక్కో చిన్న గడిలో అటూ ఇటూగా ఉండే యాదృచ్ఛిక దోషం వేల గడుల సగటులో చాలావరకు చెల్లిపోతుంది. పటమంతా ఒకే వైపు ఒరిగే క్రమదోషం అలా చెల్లదు. రెండో సర్వే పటం మొత్తం ఒక్క సెంటీమీటరు కిందికి కూర్చుంటే హెక్టారుకు 100 ఘనమీటర్లు, అంటే 130 టన్నుల మట్టి లేనిపోని లెక్కగా పుట్టుకొస్తుంది. ఇకపై వచ్చే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క దోషాన్ని అదుపు చేయడానికే.

కదలని గుర్తులు నాటడం

ఒక హెక్టారు లోపు స్థలానికి 10 నుంచి 15 నియంత్రణ బిందువులు, అంటే స్థానం, ఎత్తు విడిగా కొలిచి ఉంచే గుర్తులు, పెట్టుకుంటే మంచిది. అంచుల వెంట, మధ్యలో, ఎగువన, దిగువన అన్నిచోట్లా ఉండాలి. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే నిలువు కొలత బలహీనపడుతుంది. కోత పడే దారిలో గుర్తు పెట్టకండి. కాంక్రీటులో బిగించిన ఇనుప కడ్డీలను గట్టినేలలో దింపండి. తడిసి ఉబ్బే, ఎండి పగిలే బంకమట్టిలో ఉబ్బే పొర దాటి లోతుకు దిగకపోతే కడ్డీయే పైకీ కిందికీ ఆడుతుంది.

వీటిలో మూడో వంతు బిందువులను పక్కన పెట్టండి. ఇవి తనిఖీ బిందువులు. పటం తయారీలో వీటిని వాడకూడదు. తయారయ్యాక పటం చెప్పే ఎత్తును వీటి అసలు ఎత్తుతో పోల్చాలి. నియంత్రణ బిందువుల దగ్గరే దోషం చూసుకుంటే అది తక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ పటాన్ని వాటికి అనుగుణంగా వంచింది కదా.

బిందువుల స్థానాలను కొలవడానికి ఆర్‌టీకే ఉపగ్రహ రిసీవర్ సరిపోతుందా అంటే, గండ్లకు సరిపోతుంది. దాని నిలువు దోషం సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు. పిల్లకాలువలకైతే కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్ మంచిది. తక్కువ దూరాల్లో అది మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. చిన్న మడికి ఇంకా తేలిక మార్గం ఉంది: చుట్టూ కడ్డీలు దింపి, వాటి మధ్య దూరాలను టేపుతో, ఎత్తు తేడాలను లెవెల్‌తో కొలిచి స్థానిక చట్రం కట్టుకోవచ్చు. మార్పును కొలవడానికి భూగోళం మీద మీరెక్కడున్నారో తెలియనవసరం లేదు. రెండుసార్లూ ఒకే చట్రంలో ఉంటే చాలు.

గుర్తులతో పాటు కోతకు లోనుకాని నేల తునకలను కూడా ఎంచుకోండి: రాతి పలక, కాంక్రీటు గట్టు, గట్టిపడిన బాట. రెండు సర్వేల మధ్య వీటి ఎత్తు మారకూడదు. మారినట్టు పటంలో కనిపిస్తే అదే మీ క్రమదోషం. ఇంత చవకగా దోషాన్ని పట్టిచ్చే సాక్షి మరొకటి లేదు.

ఫోటోలు తీయడం

వరుసలో పక్కపక్క ఫోటోల మధ్య 80 శాతం, వరుసకూ వరుసకూ మధ్య 60 నుంచి 70 శాతం ఉమ్మడి భాగం ఉండాలి. ఇది అందరూ చెప్పేదే. తక్కువమంది పాటించేది, నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది, కెమెరా వంపు. అన్ని ఫోటోలనూ నిట్టనిలువుగా కిందికే చూస్తూ తీస్తే, లెన్స్ వంకరను సాఫ్ట్‌వేర్ కొద్దిగా తప్పుగా అంచనా వేసినా పటం మధ్యలో గుమ్మటంలా ఉబ్బుతుంది, లేదా గిన్నెలా కుంగుతుంది. మైక్ జేమ్స్, స్టూవర్ట్ రాబ్సన్ 2014లో ఈ దోషాన్ని విడమరచి చూపించారు. మందు తేలికైనదే: నిలువు ఫోటోలకు తోడు కెమెరాను 20 నుంచి 30 డిగ్రీలు వంచి, రెండు మూడు దిక్కుల నుంచి స్థలాన్ని చూస్తూ మరికొన్ని తీయండి. వేర్వేరు ఎత్తుల నుంచి కొన్ని చేరిస్తే ఇంకా మంచిది. గండి గోడలు నిలువుగా ఉంటాయి కాబట్టి వాటి లోపలివైపు కనిపించాలన్నా వంపు ఫోటోలే దిక్కు.

జూమ్ వాడకండి. ఫోకస్‌ను ఒకచోట బిగించి, సర్వే పూర్తయ్యేదాకా తాకకండి. ఫోటో కదలకుండా సర్దే స్థిరీకరణ సౌకర్యం లెన్స్‌నో సెన్సర్‌నో కదిపే రకమైతే ఆపేయండి; ఫోటోకో తీరుగా లెన్స్ జ్యామితి మారితే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోలేదు. షట్టర్ వేగానికి చిన్న లెక్క ఉంది. సెకనుకు 4 మీటర్ల వేగంతో ఎగిరే డ్రోన్ సెకనులో 250వ వంతులో 16 మిల్లీమీటర్లు జరుగుతుంది. పిక్సెల్ 8 మిల్లీమీటర్లయితే ఫోటో రెండు పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. వెయ్యో వంతుకు పెంచితే అర పిక్సెల్‌తో గట్టెక్కుతారు. వెలుతురు తగ్గితే ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) కొంచెం పెంచడం కంటే డ్రోన్ వేగం తగ్గించడమే మేలు.

మబ్బు కమ్మిన రోజు వెలుతురు సమంగా పరుచుకుంటుంది, నీడలు పడవు. ఎండలోనే తీయాల్సి వస్తే రెండు సర్వేలూ ఒకే వేళకు పెట్టుకోండి. నిలిచిన నీటి మీద, మెరిసే బురద మీద సాఫ్ట్‌వేర్ తప్పు బిందువులు పుట్టిస్తుంది కాబట్టి వాన వెలిశాక నీరు ఇంకేదాకా ఆగాలి. మరీ ఆలస్యమైతే మొలకలు వస్తాయి, పశువులో మనుషులో తొక్కుతారు. ఈ నడిమి సమయాన్ని చేజార్చుకోకుండా పరికరాలు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.

కంప్యూటర్‌లో పని

వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఫోటోల్లో ఒకే గులకరాయి, ఒకే పగులు కనిపిస్తుంది. అలాంటి ఉమ్మడి గుర్తులను సాఫ్ట్‌వేర్ వేలకొద్దీ వెతికి పట్టుకుని, కెమెరా ఎక్కడెక్కడ ఉందో, లెన్స్ తీరు ఏమిటో, ఆ గుర్తు ఎంత ఎత్తులో ఉందో ఒకేసారి లెక్కగడుతుంది. భూరూపాలను కొలిచేవారి చేతికి ఈ పద్ధతి విరివిగా వచ్చింది 2012 తర్వాతే. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్, మైక్‌మాక్, కాల్‌మ్యాప్ ఉచితంగా దొరుకుతాయి, మెటాషేప్ కొనుక్కోవాలి. ఏది వాడినా వరుస దాదాపు ఒకటే.

మసకబారిన ఫోటోలు తీసేయండి. మిగిలినవాటిని జతపరచండి. సరిగా కుదరని గుర్తులను వడకట్టి, నియంత్రణ బిందువులను ఫోటోల మీద చేత్తో గుర్తించి, లెక్కను మళ్లీ సర్దండి. ఈ దశలో తనిఖీ బిందువుల దోషం చూడండి. సగటు దోషంతో తృప్తిపడకండి. ఒక్కో బిందువు దోషాన్ని పటం మీద పెట్టి చూడండి. మధ్యలో అన్నీ పైకి, అంచుల్లో అన్నీ కిందికి ఉంటే పైన చెప్పిన గుమ్మటం ఇంకా ఉన్నట్టే. దట్టమైన బిందు మేఘం (నేల ఉపరితలాన్ని చూపే త్రిమితీయ బిందువుల గుంపు) తీసే పనిని అది పోయాకే మొదలుపెట్టండి.

రెండు తేదీల ఫోటోలనూ ఒకే ప్రాజెక్టులో కలిపి జతపరిచి, ఆ తర్వాత తేదీలవారీగా విడదీసి బిందు మేఘాలు తీయడం ఒక మంచి ఉపాయం. రాళ్లు, బాటలు వంటి మారని వస్తువులు రెండు తేదీలనూ ముడివేస్తాయి కాబట్టి రెండు పటాల మధ్య సాపేక్ష దోషం బాగా తగ్గుతుంది. రెండు సర్వేల మధ్య నేల పూర్తిగా మారిపోయి ఉంటే మాత్రం ఇది పనిచేయదు. కలిసే గుర్తులే ఉండవు.

ఆకులు, గడ్డి ఉన్నచోట కెమెరాకు నేల కనిపించదు. రంగును బట్టి పచ్చదనాన్ని వడకట్టవచ్చు కానీ దాని కింద నేల ఎత్తు ఊహే అవుతుంది. ఆ భాగాలను కోత లెక్కలోంచి మినహాయించి, ఎంత విస్తీర్ణం మినహాయించారో రాసిపెట్టండి.

రెండు పటాల తేడా తీయడం

చదునైన వాలు మీద పని తేలిక. రెండు ఎత్తుల పటాలను ఒకే గడులకు సర్ది, కొత్తదాంట్లోంచి పాతది తీసివేస్తే రుణ విలువలు కోత, ధన విలువలు మేట. నిలువు గోడలున్న గండ్లలో ఈ తీసివేత తప్పుదారి పట్టిస్తుంది. గోడ పక్కకు పది సెంటీమీటర్లు తెగితే ఎత్తుల పటంలో అది మీటరు లోతు కోతలా కనిపించవచ్చు. గోడ కింద గుల్లబారిన భాగం అసలు కనిపించదు. అలాంటిచోట గడులు వదిలేసి, రెండు బిందు మేఘాల మధ్య దూరాన్ని ఉపరితలానికి లంబంగా కొలిచే ఎం3సీ2 పద్ధతి వాడండి. 2013లో వచ్చిన ఈ పద్ధతి ఉచితంగా దొరికే క్లౌడ్‌కంపేర్‌లో ఉంది. ప్రతి బిందువుకూ విడిగా గుర్తింపు హద్దునూ ఇస్తుంది.

తేడా పటం రాగానే ముందు చూడాల్సింది కోత కాదు, కదలని తునకలు. రాతి పలకల మీద తేడా సగటు సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే ఆ సగటును మొత్తం పటంలోంచి తీసేయండి; పటం ఒకవైపు ఒరిగి ఉంటే వాలు తలాన్ని సరిపెట్టి తీసేయండి. మిగిలే చెదురు మీ అసలు దోషం. సాఫ్ట్‌వేర్ నివేదికలో ముద్రించే దోషం కంటే దీన్నే నమ్మండి.

గుర్తింపు హద్దు కంటే చిన్న మార్పులన్నిటినీ సున్నా చేయడం చాలామందికి అలవాటు. పటంగా చూడటానికి అది బాగుంటుంది, పిల్లకాలువల ఆకారం తేటగా కనిపిస్తుంది. మొత్తం టన్నుల లెక్కకు మాత్రం అది చేటు. లోతైన కాలువలు మిగిలి, వాటి మధ్య విశాలంగా పరుచుకున్న పలచని కోత అంతా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి మొత్తం తక్కువగా వస్తుంది. ఆకారాన్ని చూపడానికి హద్దు వాడండి. నికర ఘనపరిమాణానికి మాత్రం హద్దు లేకుండా అన్ని గడులనూ కూడి, దానికి దోష పరిధిని జతచేయండి. ఆ పరిధిలో క్రమదోషం వాటాను, యాదృచ్ఛిక దోషం వాటాను విడిగా చూపండి. పరిధి సున్నాను దాటి రెండువైపులా ఉంటే, ఆ సర్వే నికర కోతను గుర్తించలేదని రాయాలి. అది వైఫల్యమేమీ కాదు, నిజాయితీగల ఫలితం.

ఎత్తు తగ్గిన ప్రతిచోటా కోతేనా?

కాదు. ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. కొత్తగా దున్నిన నేల మొదటి వానకే అణిగి కుంగుతుంది. ఒక్క గింజ మట్టి బయటికి పోకుండానే ఉపరితలం సెంటీమీటర్ల మేర దిగవచ్చు. ఈ కుంగుబాటును కోతగా లెక్కిస్తే హెక్టారుకు వంద టన్నులు దాటే అబద్ధం పుడుతుంది. బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిచ్చి దిగుతుంది. ఒక సర్వే తడి నేల మీద, మరొకటి ఎండిన నేల మీద చేస్తే ఆ తేడా అంతా కోతలోనో మేటలోనో కలిసిపోతుంది.

దీనికి మూడు విరుగుడులు ఉన్నాయి. దున్నిన వెంటనే కాకుండా ఒకటి రెండు వానలకు నేల సర్దుకున్నాక మొదటి సర్వే పెట్టుకోవడం ఒకటి. సర్వే చేసిన ప్రతిసారీ నేల సాంద్రత, తేమ కొలవడం రెండోది: దున్నిన పొర మందం 20 సెంటీమీటర్లు ఉండి, సాంద్రత 1.10 నుంచి 1.16కు పెరిగితే, కోత లేకుండానే ఆ పొర ఒక సెంటీమీటరు దిగుతుందని లెక్కకట్టి తీసివేయవచ్చు. మూడోది చిన్న తనిఖీ మడి: వాన పడేలా వదిలి, ఎగువ నీరు లోపలికి రాకుండా, లోపలి మట్టి బయటికి పోకుండా చుట్టూ అంచు కట్టిన చదును ముక్క. అక్కడ జరిగిన కుంగుబాటే పరిసరాల్లోనూ జరిగిందనుకోవచ్చు. నేను మూడోదాన్ని ఎక్కువగా ఇష్టపడతాను, ఎందుకంటే అందులో ఊహ తక్కువ.

ఘనపరిమాణం నుంచి బరువుకు

మోడళ్లు టన్నుల్లో మాట్లాడతాయి, ఫోటోలు ఘనమీటర్లలో మాట్లాడతాయి. మధ్యలో వంతెన సాంద్రత. తెలిసిన ఘనపరిమాణం ఉన్న ఉక్కు వలయాన్ని నేలలోకి దింపి, మట్టిని చెదరకుండా తీసి, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టి తూచండి. కోత పడిన పొర నుంచే తీయండి. మేటను లెక్కించేటప్పుడు మేట మట్టి నుంచి విడిగా తీయండి. మేట సాధారణంగా వదులుగా ఉంటుంది కాబట్టి ఒకే సాంద్రత రెండింటికీ వాడితే లెక్క కుదరదు.

వీలైతే వాలు చివర మట్టి తొట్టి పెట్టండి. తూకం మొత్తాన్ని చెబుతుంది, ఫోటో చోటును చెబుతుంది. రెండూ పొంతన కుదిరినప్పుడు కలిగే నమ్మకం ఏ ఒక్కదానితోనూ రాదు. వానమాపకం తప్పనిసరి. ఐదు నిమిషాలకోసారి నమోదు చేసే పరికరం ఉంటే వాన శక్తినీ, అరగంట గరిష్ఠ తీవ్రతనూ లెక్కించవచ్చు. సార్వత్రిక సమీకరణంలోని వాన కారకం ఈ రెండింటి లబ్ధం మీదే ఆధారపడింది. వాన వివరాలు లేని కోత కొలత మోడల్‌కు పనికిరాదు.

మోడల్‌కు ఏమివ్వాలి?

టన్నుల అంకె ఒక్కటి ఇవ్వడం ఫోటోల సంపదను వృథా చేయడమే. అదే ఫోటోల నుంచి మోడల్ లోపలి భాగాలను విడివిడిగా సరిచేసే కొలతలు తీయవచ్చు.

వెప్‌లో పిల్లకాలువల మధ్య దూరం మీరు చెప్పకపోతే అది ఒక మీటరు అనుకుంటుంది. మీ తేడా పటంలో కాలువలను లెక్కపెట్టి అసలు దూరం ఇవ్వండి. కాలువ వెడల్పు, అడుగు వాలు కూడా పటంలోనే ఉన్నాయి. వీటితో నీరు నేలను లాగే బలాన్ని అంచనా వేయవచ్చు: నీటి సాంద్రత, గురుత్వ త్వరణం, నీటి లోతు, వాలు నాలుగింటి లబ్ధం అది. ఒక సెంటీమీటరు లోతు నీరు 10 శాతం వాలు మీద పారితే సుమారు 10 పాస్కళ్లు. మట్టి ఊడటం మొదలవ్వాలంటే ఈ బలం ఒక కనీస స్థాయిని దాటాలని వెప్ భావిస్తుంది. కాలువ పటంలో ఎక్కడ మొదలైందో చూసి, ఆ చోట నీటి లోతును మోడల్ ప్రవాహ లెక్క నుంచి తీసుకుంటే ఆ కనీస స్థాయికి మంచి అంచనా దొరుకుతుంది. వాలు చివరి తొట్టి ఎన్నేళ్లు నిండినా ఈ సంగతి చెప్పదు.

పై నుంచి తీసిన ఫోటోల్లో నేలను కప్పిన గడ్డి, రాళ్లు, పంట అవశేషాల శాతం కూడా తెలుస్తుంది. సార్వత్రిక సమీకరణంలో పంట, నేల కప్పు ప్రభావాన్ని చూపే పైరు కారకాన్ని పట్టికల నుంచి ఎత్తిరాసే బదులు ఈ కొలతతో సరిచేయండి. నా అనుభవంలో మోడల్ అంచనాలను ఎక్కువగా కదిలించేది ఇదే. చాలామంది వాలు లెక్కలను మిల్లీమీటర్లకు సవరించి, పైరు కారకాన్ని మాత్రం ఊహకు వదిలేస్తారు.

ఇక పోలిక. మోడల్ గడి 5 మీటర్లదైతే మీ సెంటీమీటరు పటాన్ని ఆ గడులకు కూడి పోల్చండి. మొదట చోటును పోల్చండి: మోడల్ కోత అన్నచోట నిజంగా కోత ఉన్న గడులెన్ని, లేనివెన్ని, మోడల్ వదిలేసినవెన్ని? ఆ తర్వాతే పరిమాణం. చోటు తప్పి మొత్తం సరిపోయిందంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకున్నాయన్నమాట. అలాంటి మోడల్ మరో వాలు మీద, మరో వానకు నిలబడదు.

సరిపోలిక ఎంతవరకు ఆశించవచ్చో కూడా తెలిసుండాలి. అమెరికాలోని మిస్సోరీలో ఒకే తీరుగా దున్ని వదిలిన 40 మడులను పక్కపక్కనే పెట్టి 25 వానలకు కోతను కొలిచారు. 1986లో వెలువడిన ఆ ఫలితాల్లో, ఒకే వానకు మడికీ మడికీ మధ్య విచలన గుణకం (సగటుతో పోల్చితే చెదురు ఎంతో చెప్పే శాతం) 18 నుంచి 91 శాతం దాకా ఉంది. ఒకే నేల, ఒకే వాన, ఒకే సేద్యం, అయినా అంత తేడా! కాబట్టి ఒక్క మడి అంకెకు మోడల్ అచ్చుగుద్దినట్టు సరిపోవాలని పరామితులను (మోడల్‌లో సర్దే విలువలను) మెలితిప్పకండి. మోడల్ అంచనా మీ కొలత దోష పరిధిలోపల పడితే ఆగిపోండి. అంతకు మించి సవరించేదంతా దోషాన్ని బట్టీ పట్టించడమే. పరిధి బయట పడితే, అదీ ఒకటికి మించిన మడుల్లో ఒకే వైపు పడితే, అప్పుడు మోడల్‌ను ప్రశ్నించండి.

కొన్ని వానలను సవరణకు, కొన్నింటిని పరీక్షకు కేటాయించండి. చిన్న వానలన్నీ సవరణకు వాడి, పెద్ద వానను పరీక్షకు ఉంచితే మోడల్‌కు అసలైన పరీక్ష ఎదురవుతుంది, ఎందుకంటే నేలకోత మోడళ్లు చిన్న నష్టాలను ఎక్కువగా, పెద్ద నష్టాలను తక్కువగా అంచనా వేసే ధోరణి చాలాకాలంగా తెలిసినదే. వేర్వేరు పరామితుల జోడింపులు ఒకే ఫలితాన్ని ఇవ్వడం కూడా మామూలే. అప్పుడు ఒకదాన్ని ఎంచుకుని మిగతావి పారేయకండి. సరిపోయిన జోడింపులన్నిటినీ నడిపి, అంచనాను ఒక పరిధిగా ఇవ్వండి. ఆ జోడింపుల్లో ఏవి కాలువలను సరైన చోట చూపాయో ఫోటోల పటంతో వడకట్టవచ్చు. పరిధిని నిజంగా కుదించేది ఆ వడపోతే.

ఏవి దాచుకోవాలి?

అసలు ఫోటోలు, బిందువుల కొలతలు, కెమెరా అమరికలు, సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, వాడిన ఎంపికలు, వానమాపకం ఫైళ్లు, సాంద్రత తూకాలు, మినహాయించిన భాగాల హద్దులు. తయారైన పటాలు పోయినా మళ్లీ తీయవచ్చు. అసలు ఫోటోలు పోతే ఆ రోజటి నేల మళ్లీ దొరకదు. రెండు తేదీల ఫోటోలను కలిపి జతపరిచే ఉపాయం వచ్చాక, పాత ఫోటోలు దాచుకున్నవారు తమ పాత సర్వేలను మళ్లీ లెక్కగట్టి గుర్తింపు హద్దును తగ్గించుకోగలిగారు. కాబట్టి ఫోటోలను రెండు వేర్వేరు చోట్ల భద్రపరచి, తేదీని, స్థలాన్ని ఫైలు పేరులోనే రాయండి. ఇనుప కడ్డీల స్థానాలను చేతిరాత చిత్రంతో సహా దాచండి, తర్వాత సర్వే చేసేవారు మీరు కాకపోవచ్చు.